తీరని ఋణము: అలన్ ట్యూరింగ్

యుద్ధమున జయాపజయములను నిర్ణయించునవి సేనాబలము, ఆయుధబలము మాత్రమే యని లోకము తలచును. రాజులకు చారులే కన్నులని మన నీతికారులు ఏనాడో గ్రహించిరి. చారులు సంజ్ఞాలిపితో వార్తలు నడుపవలయునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. శత్రువు లిపిని చదువగలవాడు శత్రువు మనస్సునే చదువగలవాడు. రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యముల వ్యూహములను ఈ విద్య ఎంతగనో మార్చెను. అందు అగ్రగణ్యుడైన అలన్ ట్యూరింగ్ జీవితము, రాజ్యము తన్ను కాపాడిన మేధావి యెడ ఎట్లు వర్తించెనో తెలుపునది గావున పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ట్యూరింగ్ 1912 జూన్ 23వ తేదీన లండనులో జన్మించెను. ఆ కుటుంబమునకు మన ప్రాంతముతో సంబంధము కలదు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో ఐ.సి.యస్. ఉద్యోగి. అప్పుడు ఆ రాజధానిలో చేరియుండిన గంజాము జిల్లా ఛత్రపురమున ఆయన పనిచేయుచుండగా భార్య గర్భవతియై, ప్రసవమునకు ఇంగ్లండు చేరెను. మాతామహుడు మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. తలిదండ్రులు ఇండియాలో కొలువు చేయుచుండ, అలన్ తన అన్నతోపాటు ఇంగ్లండులో పరుల యింట పెరిగెను. కేంబ్రిడ్జిలో గణితము నభ్యసించి, 1936లో, అనగా ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఒక వ్యాసము ప్రకటించెను. నియమములను వరుసగ పాటించు యంత్రము దేనిని లెక్కింపగలదు, దేనిని లెక్కింపజాలదు అను విచారము అందు కలదు. నేటి కంప్యూటరు శాస్త్రమునకు అది పునాదిరాయి.

జర్మను సేనలు తమ ఆజ్ఞలను ఎనిగ్మా యను యంత్రముచే గూఢలిపిగ మార్చి రేడియోలో పంపుచుండెను. చూచుటకది టైపురైటరు వంటిది. మీట నొక్కినప్పుడెల్ల లోపలి చక్రము కదలును. నొక్కిన అక్షరమునకు బదులు వేఱొక అక్షరము వెలుగును. దానిని అమర్చుటకు గల రీతుల సంఖ్య రమారమి 159 ప్రక్కన 18 సున్నలు చేర్చినంత. ఆ అమరికయు దినదినము మారుచుండెను. ఈ దుర్గమునకు తొలుత గండికొట్టినది పోలెండు గణితజ్ఞులు. మేరియన్ రెయెవ్‌స్కీ 1932లోనే యంత్ర నిర్మాణమును గణితబలముచే కనుగొనెను. తమ దేశముపై దాడి జరుగుటకు కొలది వారములు ముందుగ, 1939 జూలైలో, పోలెండువారు తమ రహస్యమంతయు ఇంగ్లండు, ఫ్రాన్సులకు ధారపోసిరి. ఈ ఉపకారము చిరకాలము మఱుగుపడియుండుట శోచనీయము.

యుద్ధము ప్రకటితమైన మఱునాడే, 1939 సెప్టెంబరు 4న, ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కు చేరెను. ఎనిగ్మాలో ఒక లోపము కలదు: ఏ అక్షరమునకును తిరిగి ఆ అక్షరమే రాదు. వాతావరణ వార్తల వంటివానిలో కొన్ని మాటలు ముందుగనే ఊహింపదగినవి. అట్టి మాటను గూఢవార్తతో సరిచూచి, మన తార్కికులు విరోధము కలిగిన పక్షమును త్రోసిపుచ్చు రీతిని, పొసగని అమరికలను వేగముగ తొలగించు యంత్రమును ఆయన కల్పించెను. బాంబ్ అను ఈ యంత్రములలో మొదటిది 1940 మార్చిలో బ్లెచ్లీ చేరెను. గోర్డన్ వెల్చ్‌మన్ దానిని మెఱుగుపఱచెను. వానిని రేయింబవళ్లు నడిపినవారిలో అధికులు స్త్రీలు. సిబ్బంది చాలక పని కుంటుపడగా, 1941 అక్టోబరులో ట్యూరింగును మఱి మువ్వురును పై యధికారులను దాటి నేరుగ చర్చిలునకే లేఖ వ్రాసిరి. వారికి వలసినదెల్ల వెంటనే సమకూర్పవలసినదని ఆయన ఆజ్ఞాపించెను.

జర్మను నౌకాదళపు గూఢలిపి అన్నిటికంటె దుర్భేద్యము. దానిని తనపై వేసికొన్నది ట్యూరింగే. 1941 మొదటి మాసములలో జర్మను నౌకలనుండి చేజిక్కిన పత్రములు ఆయన పద్ధతికి తోడయ్యెను. జలాంతర్గాములు ఎచ్చట పొంచియున్నవో తెలియవచ్చుటచే సరకు ఓడల వరుసలను త్రోవ మఱలింప వీలయ్యెను. 1942 ఫిబ్రవరిలో జర్మనులు తమ జలాంతర్గాముల యంత్రమునకు నాలుగవ చక్రమును చేర్పగా, రమారమి పదినెలలు మరల అంధకారమే. అక్టోబరు 30న మధ్యధరా సముద్రమున మునుగుచున్న జర్మను జలాంతర్గామినుండి పత్రములను వెలికితెచ్చుచు ఇద్దఱు నావికులు దానితో మునిగి ప్రాణములు గోల్పోయిరి. ఆ పత్రముల బలముననే డిసెంబరులో మరల త్రోవ కానవచ్చెను. 1943 మేలో జర్మను సేనాని డోనిట్జ్ తన జలాంతర్గాములను ఉత్తర అట్లాంటికునుండి ఉపసంహరించెను. విమానములు, రాడారు, రక్షకనౌకలు కూడ ఈ విజయమున భాగస్వాములే. ఆ సముద్రము నిరపాయము కానిచో అమెరికా సేనలు ఇంగ్లండులో కూడుటయు, 1944 జూన్ 6న నార్మండీ తీరమున దిగుటయు దుర్ఘటమై యుండెడిది.

ఇంత చేసినవానికి దక్కిన దేమి? 1946లో ఒక బిరుదము. ఎందులకో చెప్పరాని బిరుదము. 1952లో, వేఱొక పురుషునితో ప్రణయసంబంధము కలదని, 1885 నాటి శాసనము క్రింద ఆయనను శిక్షించిరి. కారాగృహమునకు మాఱుగ హార్మోనుల చికిత్స కొడంబడవలసివచ్చెను. ప్రభుత్వ రహస్యకార్యములకు అర్హత పోయెను. ఆయన యుద్ధసేవ యెట్టిదో న్యాయస్థానమున విప్పిచెప్పుటకు రహస్యనిబంధన లడ్డుపడెను. 1954 జూన్ 7వ తేదీన, నలువదియొకటవ యేట, సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి తీర్మానించెను. ప్రమాదమని తల్లి నమ్మెను. బ్లెచ్లీ రహస్యము లోకమునకు వెల్లడి యగుట 1974లో. ప్రభుత్వము విచారము తెల్పుట 2009లో. రాణి క్షమాదానము 2013లో. ఏబది పౌనుల నోటుపై ఆయన చిత్రము 2021లో.

క్షమాదానమను మాటయే మాకు వింతగ తోచుచున్నది. ఎవరు ఎవరిని క్షమింపవలసియున్నది? ఋణపడినది రాజ్యము, ఋణదాత ట్యూరింగ్. యుద్ధకాలమున రహస్యము అవశ్యకమే. శత్రువు ముగిసిన పిదపను అది కొనసాగి, ఉపకారి ముఖమును మఱుగుపఱచుటకు సాధనమైనచో, అది రాజనీతి గాదు, కృతఘ్నతయే. ఈ విషయమున మనమును నిర్దోషులము గాము. ఆంగ్లేయులు మన శిక్షాస్మృతిలో వ్రాసియుంచిన 377వ సెక్షనును, స్వాతంత్ర్యానంతరము డెబ్బదియేండ్లకు పైగ మనమును భద్రపఱచుకొంటిమి. వయోజనుల పరస్పర సమ్మతి విషయమున అది చెల్లదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను. సేవను గైకొనునాడు మనుష్యుని శీలమును ప్రశ్నింపని రాజ్యము, సేవ ముగిసిననాడు ప్రశ్నించుట న్యాయము గాదు. గతించినవానికి చెల్లింపజాలని ఋణమును జీవించియున్నవారి యెడ న్యాయముగ వర్తించియే తీర్చుకొనవలయును.