కుట్టు దారానికి మందు పట్టించిన లిస్టర్ మహాశయుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు జ్ఞాపకం వచ్చిన పేరు జోసెఫ్ లిస్టర్. ఆపరేషన్ థియేటరులో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసిన నావంటి వారికి ఆయన ఋణం తీరేది కాదు. రాజుల గురించీ, కవుల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. కుట్టు దారం గురించి తల బద్దలుకొట్టుకున్న మనిషిని గురించి మనమే రాసుకోవాలి.

లిస్టర్ 1827 ఏప్రిల్ 5న ఇంగ్లండులోని అప్టన్‌లో జన్మించారు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి అయినా సూక్ష్మదర్శిని కటకాలను మెరుగుపరచి పేరుపొందారు. లిస్టర్ లండన్‌లో వైద్యవిద్య ముగించి, 1853లో ఎడింబరో వెళ్లి జేమ్స్ సైమ్ అనే ప్రఖ్యాత సర్జన్ వద్ద చేరారు. 1856లో ఆయన కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడారు. భర్త ప్రయోగాల వివరాలు రాసిపెట్టడంలో ఆమె ఎంతో తోడ్పడ్డారు.

1860లో గ్లాస్గోలో ఆచార్య పదవి లభించింది. అప్పటికే మత్తుమందు వచ్చింది. నొప్పి పోయింది గాని చీము పోలేదు. గాయం కుళ్లడానికి చెడుగాలే కారణమని అందరి నమ్మకం. లిస్టర్ చేతిమీదుగా కాలో చెయ్యో తీసివేయించుకున్న 35 మందిలో 16 మంది మరణించారు.

1865లో రసాయన శాస్త్ర ఆచార్యులు థామస్ ఆండర్సన్ ఆయన దృష్టికి పాశ్చర్ పరిశోధనలను తెచ్చారు. కుళ్లబెట్టేవి సూక్ష్మజీవులైతే వాటిని గాయంలోనే చంపాలని లిస్టర్ తలచారు. కార్లైల్ పట్టణంలో మురుగుకు వాడుతున్న కార్బాలిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నారు. ఆ ఆగస్టు 12న బండి చక్రం ఎక్కి కాలు విరిగిన 11 ఏళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌కు ఆ మందుతో కట్టుకట్టారు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది, కాలు దక్కింది. 1867లో లాన్సెట్ పత్రికలో ఈ పద్ధతిని ప్రకటించారు. తరువాత కాలో చెయ్యో తీసివేసిన 40 మందిలో మరణించినవారు 6గురే.

ఇక అసలు సంగతి దారం. ఆ రోజుల్లో రక్తనాళాన్ని పట్టుదారంతో కట్టి, కొసలు గాయం బయటికి వదిలేవారు. లోపల కుళ్లి ఊడివచ్చేదాకా రోజులతరబడి రోగి బాధపడేవాడు. ఆ దారం వెంటే చీము, ఒక్కోసారి మళ్లీ రక్తస్రావం. లిస్టర్ కార్బాలిక్‌లో నానబెట్టిన పట్టుదారంతో ఒక గుర్రం మెడ రక్తనాళాన్ని కట్టి, కొసలు పొట్టిగా కత్తిరించి, గాయం మూసివేశారు. గాయం చక్కగా మానింది. కాని పట్టు లోపలే ఉండిపోతుంది. అందుకని గొర్రె పేగుతో చేసే క్యాట్‌గట్‌కు మందు పట్టించి 1868 చివరలో ఒక దూడపై ప్రయత్నించారు. నెల తరువాత చూస్తే దారం స్థానంలో సజీవ కణజాలమే ఉంది. అది మరీ త్వరగా కరిగిపోకుండా ఆ తరువాత క్రోమిక్ ఆమ్లం వాడారు. మనం థియేటరులో చేతికందించిన క్రోమిక్ క్యాట్‌గట్‌కు మూలం అదే!

గాలిలో కార్బాలిక్ చిమ్మే యంత్రాన్ని కూడా ఆయన వాడారు. అది అనవసరమని తేలాక 1890లో తానే వదిలేశానని ప్రకటించారు. తాను పెంచిన పద్ధతిని తానే తీసివేయగలగడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. 1897లో ప్రభువు బిరుదు పొంది, 1912 ఫిబ్రవరి 10న కన్నుమూశారు.

ఆయన ఆలోచనకు నేటి రూపం ట్రైక్లోసాన్ పూసిన కుట్టు దారం. 2002లో అమెరికాలో అనుమతి పొందింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వాడవచ్చని సూచించింది. అయితే భారత్‌తో సహా ఏడు దేశాలలో 5,788 మంది రోగులపై జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో మామూలు దారం కంటే మేలు కనబడలేదు. దారం ఒక్కటే రక్షించదన్నమాట.

కుట్లు చీముపట్టి, కూలి పోయి, అప్పులపాలైన కుటుంబాలను నా సర్వీసులో ఎన్నో చూశాను. మన వయసులో మోకాలికో హెర్నియాకో ఆపరేషన్ తప్పనివారు ఉంటారు. ముందుగా షుగరు అదుపులో పెట్టుకోండి. చేతులు కడగనిదే కట్టు ముట్టుకోనివ్వకండి. కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం కనబడితే మొహమాటపడక వెంటనే డాక్టరుగారికి చెప్పండి.