జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్

విద్యుత్క్షేత్ర తీవ్రతను నేడు మీటరునకు ఇన్ని వోల్టులని చెప్పుచున్నాము. పాత భౌతికశాస్త్ర గ్రంథములను తెఱచినచో అదియే సెంటీమీటరునకు ఇన్ని స్టాట్‌వోల్టులని కనిపించును. పాత లెక్కను క్రొత్తదానిలోనికి మార్చుటకు 29,979 చేత గుణింపవలెను. పొడిగాలిలో నిప్పురవ్వ పుట్టుటకు నేటి లెక్కలో సుమారు 30 లక్షలు కావలెను. పాత లెక్కలో అది సుమారు నూఱు మాత్రమే. విద్యార్థులు ఈ గుణకమును కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన వెంటనే మఱచిపోవుదురు. దాని వెనుక నున్న రహస్యమును లోకమునకు వెల్లడించిన మహనీయుడు మాక్స్‌వెల్.

ఈయన 1831 జూన్ 13వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో జన్మించెను. బాల్యము గ్లెన్‌లేర్ అను పల్లెపట్టున గడచెను. ఎనిమిదవ యేట తల్లి మరణించెను. పదవ యేట నగరమందలి పాఠశాలలో చేర్చిరి. తండ్రి తయారు చేయించిన వింత దుస్తులు, మొనలు చదరముగా నున్న బూట్లు, నోట గాలోవే సీమ యాస. తోడిపిల్లలు మొదటి దినముననే ఆ దుస్తులను చింపి, వెఱ్ఱివాడను అర్థము వచ్చు మారుపేరు పెట్టిరి. ఇంటి పలుకు ఒకటియు బడి పలుకు ఒకటియు నైనపుడు పసిమనస్సు ఎట్లు ముడుచుకొనునో మన ప్రాంతపు బాలబాలికలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ యాస మాత్రము ఈయనను జీవితాంతము విడువలేదు.

పదునాలుగేండ్ల వయస్సున అండాకార రేఖలను గూర్చి ఒక వ్యాసము వ్రాయగా, 1846లో ఎడింబరో రాయల్ సొసైటీలో దానిని ఫోర్బ్స్ అను ఆచార్యుడు చదివి వినిపించెను. కర్త మరీ బాలుడగుటయే కారణము. 1854లో కేంబ్రిడ్జి పట్టము, 1856లో అబర్డీనులో ఆచార్యపదవి లభించెను. 1860లో అచ్చటి రెండు కళాశాలలను కలిపివేయగా ఈయన ఉద్యోగము పోయెను. పిమ్మట లండను కింగ్స్ కళాశాలలో చేరెను.

ఆ కాలమున విద్యుత్తును కొలుచుటకు రెండు మార్గములుండెను. నిశ్చలముగా నున్న విద్యుదావేశములు ఒకదాని నొకటి త్రోయు బలమును బట్టి కొలుచుట మొదటిది. ప్రవహించు విద్యుత్తు కలిగించు అయస్కాంత బలమును బట్టి కొలుచుట రెండవది. ఒక మార్గపు ప్రమాణమును రెండవదానితో పోల్చగా వచ్చు నిష్పత్తి వట్టి సంఖ్య కాదు. దూరమును కాలముచే భాగించిన వేగము. 1856లో వేబర్, కోల్‌రౌష్ అను జర్మను పండితులు దానిని కొలువగా సెకనునకు 3,10,740 కిలోమీటర్లు వచ్చెను. 1857లో కిర్కాఫ్, అది కాంతివేగమునకు దగ్గఱగా నున్నదని గమనించియు, అంతటితో ఆగిపోయెను.

1861 వేసవిలో మాక్స్‌వెల్ గ్లెన్‌లేర్‌లో నుండి, శూన్యమంతయు ఒక స్థితిస్థాపక పదార్థముతో నిండియున్నదని ఊహించి, దానిలో తరంగము పోవు వేగమును గణితముచే సాధించెను. అది సరిగా ఆ నిష్పత్తికే సమానమయ్యెను. కాని వేబర్ లెక్క ఆ పల్లెలో చేతికందలేదు. లండను చేరువఱకు వేచియుండవలసి వచ్చెను. చేరి చూడగా, ఫిజో 1849లో పండ్లచక్రముతో కొలిచిన కాంతివేగము సుమారు 3,15,000. రెండును ఇంత దగ్గఱగా నుండుట కాకతాళీయము కాదని, కాంతియు విద్యుదయస్కాంత తరంగమేయని ఈయన నిశ్చయించెను. ఊహించిన ఆ పదార్థమును తరువాతి శాస్త్రము త్రోసిపుచ్చినది. సమీకరణములు మాత్రము నిలిచినవి.

ఒరుల కొలతతో తృప్తినొందక, 1868లో 2,600 ఘటముల బ్యాటరీతో ఆ నిష్పత్తిని తానే కొలిచెను. ఫలితము 2,88,000. కాంతివేగముతో అంత చక్కగా కలియకున్నను, వచ్చినది వచ్చినట్లే ప్రకటించెను. నా దృష్టిలో ఈయన గొప్పతనమునకు ఇది చిన్న సాక్ష్యము కాదు. సరియైన విలువ వేబర్ కొలతకును ఈయన కొలతకును దాదాపు నడుమ నున్నది.

ఆ విలువను మన గుణకములోనే చూడవచ్చును. పాత విద్యుదయస్కాంత పద్ధతిలోని క్షేత్ర ప్రమాణము, సెంటీమీటరునకు ఒక ఆబ్‌వోల్టు, మీటరునకు ఒక వోల్టులో పదిలక్షలవ వంతు మాత్రమే. 29,979ని ఆ భాగముచే భాగింపుడు. 2,997 కోట్ల 90 లక్షలు వచ్చును. సెకనునకు సెంటీమీటర్లలో కాంతివేగ మిదియే.

1871లో ఈయన కేంబ్రిడ్జిలో కావెండిష్ ఆచార్యుడై, 1873లో విద్యుదయస్కాంతములను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. 1879 నవంబరు 5న, నలుబదియెనిమిదేండ్లకే, తల్లిని బలిగొన్న వ్యాధియే ఈయనను కూడ తీసికొనిపోయెను. గ్లెన్‌లేర్‌కు సమీపమున పార్టన్ చర్చి ఆవరణలో తల్లిదండ్రుల చెంత ఖననము చేసిరి. 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ తన ప్రయోగశాలలో ఆ తరంగములను పుట్టించి చూపెను.