సముద్రం దాటిన సైగలు: లారెంట్ క్లెర్క్

నిరుడు మా ఊరి లైబ్రరీలో సైగల భాష క్లాసులో చేరాను. టీచరు గారికి పుట్టుకతోనే వినపడదు. మొదటి రోజు ఆవిడ రెండు వేళ్ళు కలిపి చెంప మీద కిందికి రాసి, బోర్డు మీద లారెంట్ క్లెర్క్ అని రాశారు. ఇంతకాలంగా ఈ దేశంలో ఉంటున్నా ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

క్లెర్క్ 1785 డిసెంబరు 26న ఫ్రాన్సులో లియాన్ నగరానికి దగ్గరి పల్లెలో పుట్టారు. ఏడాది పిల్లవాడప్పుడు కుర్చీలోంచి నిప్పుల్లో పడి చెంప కాలింది. ఆ మచ్చే తర్వాత ఆయన సైగ పేరైంది. వినికిడి ఆ ప్రమాదంలో పోయిందో, పుట్టుకతోనే లేదో ఆయనకే తెలియదు. పన్నెండేళ్ళ దాకా చదువు లేదు. ఆవుల్ని, టర్కీ కోళ్ళని మేతకు తోలుకెళ్ళడమే పని.

1797లో పారిస్‌లోని బధిరుల పాఠశాలలో చేర్చారు. అక్కడ ఒక ఉపాధ్యాయుడు ఆయన చేత మాట పలికించాలని పట్టుబట్టారు. ద, త అక్షరాల తేడా రావడం లేదని గడ్డం కింద కొడితే నాలుక పళ్ళ మధ్య పడి నలిగింది. ఆ తర్వాత క్లెర్క్ జన్మలో నోటితో మాట్లాడే ప్రయత్నం చేయలేదు. ఆయనకు చదువు వచ్చింది తనలాగే వినపడని జాన్ మాస్యూ అనే గురువు దగ్గర, సైగలతో. కొన్నాళ్ళకు ఆ బడిలోనే తానూ పంతులయ్యారు.

ఇక హార్ట్‌ఫర్డ్ సంగతి. ఆ ఊరి పేరు చెప్పగానే మనలో చాలామందికి ఇన్సూరెన్స్ కంపెనీల ప్రాజెక్టులే గుర్తొస్తాయి. అక్కడ కాగ్స్‌వెల్ అనే డాక్టరు గారి అమ్మాయి ఆలిస్‌కు చిన్నప్పుడే వినికిడి పోయింది. ఆమెలాంటి పిల్లలకు బడి పెట్టాలని పొరుగింటి థామస్ గాలడెట్‌ను 1815లో యూరప్ పంపారు. బ్రిటన్‌లో బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ బోధన పద్ధతిని వ్యాపార రహస్యంగా దాచుకుంది. లండన్‌లోనే పారిస్ బృందం ప్రదర్శన చూసి గాలడెట్ పారిస్ వెళ్ళారు. కొన్ని వారాల్లో ఒక భాష పట్టుబడదని ఆయనకు త్వరగానే అర్థమైంది. తనతో రమ్మని క్లెర్క్‌ను అడిగారు.

క్లెర్క్ తల్లి దగ్గర సెలవు తీసుకుని, మూడేళ్ళ ఒప్పందం మీద 1816 జూన్ 18న ఓడ ఎక్కారు. ప్రయాణం 52 రోజులు. ఓడలో ఈయన ఆయనకు సైగలు, ఆయన ఈయనకు ఇంగ్లీషు నేర్పుకున్నారు. (మన ఆన్‌సైట్ ప్రయాణాల్లో ఇలాంటి పని ఎవరం చేశాం?) న్యూయార్క్‌లో దిగాక ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. జనం పలక మీద ఇంగ్లీషులో ప్రశ్న రాస్తే క్లెర్క్ అదే భాషలో జవాబు రాసేవారు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరుచుకుంది. ఆలిస్ కూడా తొలి విద్యార్థుల్లో ఉంది.

మన బడి పిల్లలకు ఇంట్లో అమ్మానాన్నల తెలుగు కొంతైనా చెవిన పడుతుంది. బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా తల్లిదండ్రులు వినగలిగినవాళ్ళే. వాళ్ళకు తమ భాష ఇంట్లో దొరకదు, తమలాంటి వాళ్ళ దగ్గరే దొరకాలి. అందుకే బడికి క్లెర్క్ కావలసి వచ్చింది. ఆయన తెచ్చిన ఫ్రెంచి సైగలు, పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న సైగలు కలిసి అమెరికన్ సైగల భాష అయింది. ఇప్పటికీ వెతకడం అనే సైగకు చేతిని 'సి' ఆకారంలో పట్టాలి. ఫ్రెంచిలో ఆ మాట 'సి'తో మొదలవుతుందట. పాత కోడులో మిగిలిపోయిన కామెంటులాగా!

ఎలిజా బోర్డ్‌మన్ అనే పూర్వ విద్యార్థినిని 1819లో పెళ్ళి చేసుకున్నారు. మూడేళ్ళకని వచ్చిన మనిషి 1858 దాకా పాఠాలు చెప్పి, 1869 జూలై 18న హార్ట్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు.

ఆయన పోయిన 11 ఏళ్ళకు మిలాన్‌లో జరిగిన సభ, బధిరులకు నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. ఎన్నో బడుల్లో సైగలు నిషేధించారు, బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. పిల్లలు మాత్రం హాస్టలు గదుల్లో సైగలు మానలేదు. ఇది వ్యాకరణం ఉన్న అసలైన భాషేనని 1960లో విలియం స్టోకీ పరిశోధన చూపించింది.

మా క్లాసు మంగళవారం సాయంత్రాలు. అందులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరైనా వస్తానంటే కారులో చోటుంది.