తొలి నెల సంపాదన 4 డాలర్లే!

డిగ్రీ చేతికొచ్చి నెలలవుతోంది, ఒక్క కాల్ లెటరూ రాలేదని దిగాలుపడుతున్నారా? అయితే ఫ్రెడరిక్ బాంటింగ్ సంగతి వినండి. 1920 జులైలో కెనడాలోని లండన్ అనే ఊళ్లో (ఇంగ్లండ్‌లోది కాదు) ఈ కుర్ర డాక్టర్ బోర్డు పెట్టుకున్నారు. ఆ నెలంతా కలిపి చేతికొచ్చింది 4 డాలర్లు! ఇల్లు గడవక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరారు. అక్కడ చెప్పాల్సిన పాఠానికి చదువుకుంటుంటే అక్టోబరు 31 రాత్రి ఆయనకో ఆలోచన తట్టింది.

అప్పట్లో మధుమేహం వచ్చిన పిల్లలు ఎంతోకాలం బతికేవారు కాదు. చక్కెరను అదుపుచేసే పదార్థం క్లోమగ్రంథిలో ఉందని తెలుసు. దాన్ని బయటికి తీయడమే ఎవరికీ సరిగ్గా కుదరలేదు. గ్రంథిని నూరగానే అందులోని జీర్ణ ఎంజైములే దాన్ని పాడుచేస్తున్నాయని బాంటింగ్ అనుమానం. అది 51 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అని తర్వాతెప్పుడో తెలిసింది. ప్రొటీన్లను అరిగించే ఎంజైమ్ దాన్ని మాత్రం వదులుతుందా?

1921 మేలో టొరంటోలో మెక్లియాడ్ ల్యాబ్‌లో, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి తోడుగా పని మొదలైంది. కుక్కల్లో క్లోమనాళాన్ని కట్టేసి, ఎంజైములిచ్చే కణాలు క్షీణించేదాకా వారాలు ఆగారు. తర్వాత గ్రంథిని చల్లటి లవణ ద్రావణంలో ముక్కలు చేసి, సగం గడ్డకట్టాక ఇసుకతో నూరి వడకట్టారు. అది ఎక్కిస్తే చక్కెర దిగింది! నాళం కట్టక్కర్లేదని, ఆమ్లం కలిపిన ఆల్కహాల్ చాలని తర్వాత తేలింది. దారి పొరపాటైనా గమ్యం దొరికిందన్నమాట.

కాలిప్ శుద్ధిచేసిన మందు 1922 జనవరి 23న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి పనిచేసింది. కానీ పెద్ద మొత్తంలో చేయబోతే ఆ వసంతంలో కొన్ని వారాలపాటు మందే తయారవలేదు. పిల్లలేమో ఎదురుచూస్తున్నారు. మళ్లీ కుదిరేదాకా వాళ్లు పడ్డ అవస్థ ఊహించుకోండి. 1923లో బాంటింగ్‌కు నోబెల్ వచ్చింది. తన వాటా డబ్బులో సగం బెస్ట్‌కిచ్చారు. 1941లో విమాన ప్రమాదంలో పోయారు.

ఫార్మా, బయోటెక్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? పెప్టైడ్‌ను చల్లగా ఎందుకుంచాలి అని అడగొచ్చు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టినా వాడకూడదు. అదే పొడిగా ఉన్న పెప్టైడ్‌నైతే సాధారణంగా మైనస్ 20లో దాస్తారు. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయరు, తీస్తే తేమ పట్టేస్తుంది.