యమవోకా తెస్షూ

యమవోకా తెస్షూ (జూన్ 10, 1836 - జూలై 19, 1888) జపాను దేశానికి చెందిన ప్రసిద్ధ ఖడ్గవిద్యా నిపుణుడు, జెన్ బౌద్ధ సాధకుడు మరియు లేఖనకళాకారుడు. ఖడ్గవిద్యలో ముతో-ర్యూ అనే సంప్రదాయాన్ని నెలకొల్పాడు. 1868లో ఎదో నగరాన్ని (నేటి టోక్యో) యుద్ధం నుండి కాపాడిన వారిలో ఒకడిగా చరిత్రలో నిలిచాడు.

బాల్యము, విద్యాభ్యాసము

తెస్షూ ఎదో నగరంలో ఓనో అనే సమురాయి వంశంలో జన్మించాడు. తండ్రికి హిడా ప్రాంతపు అధికారిగా పదవి లభించగా, కుటుంబం తకయామా పట్టణానికి తరలిపోయింది. అక్కడ ఇనోవే హచిరో వద్ద ఖడ్గవిద్యను, ఇవాసా ఇత్తెయ్ వద్ద లేఖనకళను అభ్యసించాడు. తల్లిదండ్రులు స్వల్పకాల వ్యవధిలో మరణించడంతో 1852లో తమ్ముళ్లతో ఎదోకు తిరిగి వచ్చాడు.

అక్కడ యమవోకా సెయ్‌జాన్ వద్ద బల్లెపు విద్య నేర్చుకున్నాడు. 1855లో గురువు అకాలమరణం చెందగా, ఆ వంశం నిలబడటానికి గురువు సోదరిని వివాహమాడి యమవోకా ఇంటిపేరు స్వీకరించాడు. తెస్షూ ఆరడుగులకు మించిన పొడవు, గొప్ప దేహబలం కలవాడు. సాధనలోని తీవ్రత వలన ఈయనకు దయ్యపు తెత్సు అనే పేరు వచ్చింది.

అసారి చేతిలో ఓటమి

1863లో తెస్షూ ఇత్తో-ర్యూ సంప్రదాయ ఆచార్యుడైన అసారి యోషియాకితో తలపడి ఓడిపోయాడు. అసారి దేహబలంలో తనకు సాటిరాడు. అయినను అతని ఖడ్గం ముందు తెస్షూ అడుగు ముందుకు వేయలేకపోయాడు. బలానికి, వేగానికి అతీతమైనది మరొకటి ఉన్నదని గ్రహించి, అసారికి శిష్యుడయ్యాడు. పగలు ఖడ్గసాధన, రాత్రి ధ్యానం చేసేవాడు. కన్నులు మూసుకొన్నప్పుడల్లా అసారి రూపం పర్వతం వలె ఎదుట నిలిచి, మనస్సును కలవరపరచేది. ఈ స్థితి పదిహేడు సంవత్సరాల పాటు కొనసాగింది.

ఎదో నగర రక్షణ

1868లో చక్రవర్తి పక్షపు సైన్యం సైగో తకమోరి నాయకత్వంలో ఎదోపైకి బయలుదేరింది. అప్పటికే తోకుగవా యోషినోబు అధికారాన్ని వదులుకొని లొంగిపోవడానికి సిద్ధపడి ఉన్నాడు. ఈ సంగతి సైగోకు తెలియజేయడానికి తెస్షూ శత్రుసేనల మధ్య నుండి తన పేరు దాచుకొనకుండా ప్రయాణించి, సున్పు (నేటి షిజువోకా) చేరుకొన్నాడు. సైగో విధించిన షరతులలో యోషినోబును వేరొక ప్రభువు అధీనంలో ఉంచాలన్నది ఒకటి. తెస్షూ దీనికి మాత్రం అంగీకరించలేదు. సైగో తన ప్రభువుకే ఇటువంటి స్థితి వస్తే ఊరకుంటాడా అని నిలదీశాడు. ఆ స్వామిభక్తికి సైగో మెచ్చి, ఆ షరతును పక్కన పెట్టాడు. తరువాత సైగోకు, కత్సు కైషూకు జరిగిన చర్చలతో కోట రక్తపాతం లేకుండా అప్పగించబడినది.

జ్ఞానోదయము

1872 నుండి పది సంవత్సరాలు తెస్షూ మెయ్‌జీ చక్రవర్తి ఆంతరంగిక సేవలో ఉన్నాడు. అదే కాలంలో తెన్‌ర్యూజీ ఆలయ గురువు తెకిసుయి ఈయనకు రెండు కత్తులు ఎదురెదురుగా నిలిచిన స్థితిని ధ్యానవిషయంగా ఇచ్చాడు. ఒకనాడు లేఖనం కోసం వచ్చిన ఒక వర్తకుడు మాటల సందర్భంలో తన అనుభవం చెప్పాడు. లాభంపై ఆశ, నష్టంపై భయం ఉన్నంతకాలం పెద్ద వ్యాపారం సాగదని, వాటిని విడిచిన తరువాతే తాను వృద్ధి చెందానని అతని మాటల సారాంశం. తన ఖడ్గసాధనలోని లోపం కూడా ఇదేనని తెస్షూ గుర్తించాడు. గెలుపు ఓటముల చింతయే అసారి రూపంగా తనను భయపెడుతున్నదని తెలుసుకొన్నాడు.

మార్చి 30, 1880 వేకువన ధ్యానంలో ఉండగా ఆ రూపం మాయమైనది. వెంటనే అసారిని కలిసి పోటీకి నిలువగా, అసారి ఎదుట నిలిచిన మరుక్షణమే కత్తి దించి శిష్యుని సిద్ధిని అంగీకరించాడు. ఇత్తో-ర్యూ రహస్యవిద్యను ఈయనకు అందజేశాడు.

ముతో-ర్యూ

ముతో అనగా కత్తి లేకపోవడం. మనస్సుకు వెలుపల వేరే కత్తి లేదనునది దీని భావం. తెస్షూ స్థాపించిన షున్‌పుకాన్ శిక్షణాలయంలో కొత్త శిష్యులు తొలి మూడేళ్లు మూల ప్రహారాలనే అభ్యసించేవారు. తరువాత సెయ్‌గన్ అనే కఠిన పరీక్ష ఉండేది. ఇందులో మొదటి దశలో ఒకరోజున 200 పోటీలు, రెండవ దశలో మూడు రోజులలో 600, మూడవ దశలో ఏడు రోజులలో 1,400 పోటీలు చేయాలి. దేహశక్తి పూర్తిగా ఉడిగిన తరువాత కూడా నిలిచి పోరాడేది మనశ్శక్తి మాత్రమే. దానిని మేల్కొల్పడమే ఈ పరీక్ష ఉద్దేశం.

చివరి రోజులు

1883లో తెస్షూ, మెయ్‌జీ పరివర్తన కాలంలో ప్రాణాలు కోల్పోయిన వారి స్మృత్యర్థం టోక్యోలోని యనకాలో జెన్షో-ఆన్ ఆలయాన్ని నిర్మింపజేశాడు. ఉదరకేన్సర్‌తో బాధపడుతూ 1888 జూలై 19న ధ్యానాసనంలోనే కన్నుమూశాడు. సమాధి అదే ఆలయ ప్రాంగణంలో ఉన్నది. ఇంతటి ఖడ్గవీరుడైనప్పటికీ జీవితంలో ఏ మనిషినీ చంపలేదని ప్రతీతి.