మారుపేరుతో గెలిచిన రావి నారాయణరెడ్డి

తెలంగాణ రైతాంగ పోరాట నాయకుడు శ్రీ రావి నారాయణరెడ్డి 1908లో భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట జన్మించారు. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభలకు అధ్యక్షత వహించి, ఆ సంస్థను పేద రైతుల చెంతకు చేర్చారు.

1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. వెనువెంటనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. అప్పుడు భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ కమ్యూనిస్టు పార్టీ తన పేరుతోనే పోటీ చేసింది. గోదావరికి ఈవల ఖమ్మం హైదరాబాదు రాష్ట్రంలోది. ఇక్కడ పార్టీపై నిషేధం ఉంది. అందుచేత అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) పేరుతో నిలిచారు.

పేరు మారినా ఓటరు తికమకపడలేదు. ఆనాడు అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు. అక్షరం రానివారు సైతం గుర్తు చూసి చీటీ వేశారు. నల్లగొండ ద్విసభ్య లోక్‌సభ స్థానంలో నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ప్రధాని నెహ్రూకు సైతం అన్ని రాలేదు. ఖమ్మంలో పి.డి.ఎఫ్. అభ్యర్థి శ్రీ టి.బి. విఠల్‌రావు గెలిచారు. రాష్ట్ర శాసనసభలో 175 స్థానాలకు 42 ఫ్రంట్‌కు దక్కాయి.

నారాయణరెడ్డి గారు 1991లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆనాడు లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 రూపాయలు. ఇప్పుడది 25,000, గిరిజన, హరిజన అభ్యర్థులకు అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రునికి, చిన్న పార్టీవారికి పదిమంది సంతకాలు కావాలి. పేరు లేని పార్టీకి 1952లో జనం తలుపు తీశారు. ఆ తలుపు దాకా చేరడమే నేటి చిన్నవారికి కష్టం.