ఇచ్చిన చెయ్యి ఆగిపోయిన తరువాత



కాన్వెంటు బడుల వార్షికోత్సవాల్లో మనం తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. ఎప్పుడో ఆ బడిలో చదువుకున్న ఒక సహోదరి, ఆమె భర్త వేదిక మీద కూర్చుంటారు. వారిద్దరూ కలిసి ఒక తరగతి గది కట్టించి ఉంటారు, లేదా కొందరు పేదపిల్లల ఫీజులు భరించి ఉంటారు. బడివారు శాలువా కప్పి సన్మానిస్తారు. వెనక వరుసలో ఎవరో ఒకరు, దేవునికి ఇచ్చినదానికి మనుష్యుల సన్మానం ఎందుకని గొణుగుతారు. కొండమీది ప్రసంగంలో రహస్య దానం గురించి ప్రభువు నేర్పినది మనకు తెలుసు గనుక ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. దానికి జవాబు వెదకడానికి ఈ వారం ఒక జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

క్యాథరిన్ డ్రెక్సెల్ 1858 నవంబరు 26న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి ఫ్రాన్సిస్ డ్రెక్సెల్ పేరున్న బ్యాంకరు. కన్నతల్లి ఐదు వారాలకే కన్నుమూసింది. తండ్రి ఎమ్మా బూవియేను పెళ్లి చేసుకున్నాడు. ఎమ్మా వచ్చాక ఆ ఇంట్లో సవతి అనే మాటకు చోటు లేకపోయింది. అక్క ఎలిజబెత్, క్యాథరిన్, ఎమ్మాకు పుట్టిన లూయిస్ ముగ్గురూ ఒక్క తల్లి బిడ్డల్లాగే పెరిగారు.

వారంలో కొన్ని రోజులు ఎమ్మా తన ఇంటి తలుపులు పేదల కోసం తెరిచి ఉంచేది. అద్దె కట్టలేనివారికి అద్దె, జబ్బుపడినవారికి మందులు, చలికి వణికేవారికి బట్టలు. ఎవరికి నిజంగా ఏమి అవసరమో కనుక్కొని మరీ ఇచ్చేది. పిల్లలు పక్కనే ఉండి చూసేవారు, సాయం చేసేవారు. వేసవి ఇంటి దగ్గర పనివారి పిల్లలకు సండేస్కూలు నడిపే బాధ్యతను కూడా ఆమె కూతుళ్లకే అప్పగించింది. దానం గురించి ఆ అమ్మాయిలు మొదటి పాఠం నేర్చుకున్నది గుడిలో కాదు, తమ ఇంటి గుమ్మంలో.

ఎమ్మా క్యాన్సరుతో మూడేళ్లు బాధపడి 1883లో మరణించింది. అంత డబ్బున్నా ఆమె నొప్పిని ఆపలేకపోవడం క్యాథరిన్ కళ్లారా చూసింది. రెండేళ్లకు తండ్రి కూడా పోయాడు. ఆయన ఆస్తి సుమారు 1 కోటి 55 లక్షల డాలర్లు. అందులో పదోవంతు ధర్మసంస్థలకు వెళ్లింది. మిగతా సొమ్మును ఆయన ట్రస్టులో పెట్టించాడు. దాని మీద వచ్చే ఆదాయం మాత్రమే కూతుళ్లది. వారి తరువాత వారి పిల్లలది. పిల్లలు లేకపోతే అసలు మొత్తం తాను వీలునామాలో పేర్కొన్న ధర్మసంస్థలకే చేరాలి. ఈ షరతును గుర్తుంచుకోండి. కథ చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ రోజుల్లో అమెరికాలో బానిసత్వం చట్టంలో రద్దయింది గాని నల్లజాతివారి పిల్లలకు మంచి బడి దొరకడం గగనమే. భూములు పోగొట్టుకున్న ఆదివాసుల పరిస్థితి కూడా అలాగే ఉంది. క్యాథరిన్ వారి బడుల కోసం డబ్బు పంపసాగింది. 1887 జనవరిలో రోముకు వెళ్లి, ఆదివాసుల మధ్య పనిచేయడానికి మిషనరీలను పంపమని పోపు 13వ లియోను వేడుకుంది. నీవే ఎందుకు మిషనరీవి కాకూడదని ఆయన ఎదురు అడిగాడు. డబ్బు ఇచ్చి తప్పుకోవచ్చనుకునే దాతలందరికీ ఆ ప్రశ్న తగులుతుంది. రెండేళ్ల తరువాత ఆమె కన్యాశ్రమంలో చేరింది. 1891లో దివ్యసత్ప్రసాద సహోదరీల సమాజాన్ని స్థాపించింది.

అయితే అందరూ కన్యాశ్రమంలో చేరలేరు. చెల్లెలు లూయిస్ 1889లో ఎడ్వర్డ్ మోరెల్ అనే న్యాయవాదిని పెళ్లాడింది. తరువాత ఆయన అమెరికా కాంగ్రెసులో సభ్యుడయ్యాడు. భార్య సొమ్మును భర్త తన దారిలో తిప్పుకున్న కథలు మనకు కొత్త కాదు. ఈ ఇంట్లో అలా జరగలేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి వర్జీనియాలో, జేమ్స్ నది ఒడ్డున బెల్మీడ్ అనే పాత ఎస్టేటు కొన్నారు. ఒకప్పుడు బానిసల చెమటతో పండిన భూమి అది. దాని యజమాని అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న పక్షాన సేనాని. అదే నేల మీద 1895లో నల్లజాతి బాలురకు వ్యవసాయం, చేతిపనులు నేర్పే బడి మొదలైంది. దానికి తల్లి ఎమ్మా పేరు పెట్టారు.

నాలుగేళ్లకు, 1899లో, ఆ పక్కనే కొన్న స్థలంలో క్యాథరిన్ బాలికల ఆశ్రమ పాఠశాల తెరిచింది. దానికి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టారు. తండ్రి పేరు కూడా ఫ్రాన్సిసే. ఇలా బాలుర బడి తల్లిని, బాలికల బడి తండ్రిని గుర్తుచేస్తూ పక్కపక్కనే నిలిచాయి. ఒకదాన్ని నిలబెట్టింది దంపతులు, మరొకదాన్ని నిలబెట్టింది కన్యాశ్రమవాసి. పిలుపులు వేరైనా ఇద్దరి పొలమూ ఒక్కటే.

క్యాథరిన్ ఆ తరువాత కూడా ఆగలేదు. బడుల వెంట బడులు కట్టించింది. న్యూ ఆర్లీన్స్‌లో ఆమె ప్రారంభించిన బడి 1925లో కళాశాల స్థాయికి ఎదిగి, నేటి జేవియర్ విశ్వవిద్యాలయమైంది. దానికి డ్రెక్సెల్ పేరు పెట్టలేదు. తన జీవితకాలంలో సుమారు 2 కోట్ల డాలర్లు ఇచ్చిన ఆ స్త్రీ చెప్పులకు అతుకులు వేయించుకునేది, పెన్సిలు చివరి ముక్క దాకా రాసేది.

ఆమె పనిలో లోపాలు లేవని చెప్పము. ఆదివాసి పిల్లలను ఇంటికి, తల్లిభాషకు దూరంచేసిన ఆనాటి ఆశ్రమ పాఠశాలల పద్ధతిని ఈ రోజు వారి మనుమలే ప్రశ్నిస్తున్నారు. నల్లజాతివారికి సేవచేసిన ఆమె సమాజంలో నల్లజాతి కన్యలకు చాలాకాలం చోటు లేదు. 2000 అక్టోబరు 1న పోపు 2వ జాన్‌పాల్ ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. పునీతులైనా తమ కాలపు హద్దులు దాటలేని చోట్లు ఉంటాయి. వాటిని దాచితే సాక్ష్యం బలపడదు.

ఇక ఆ షరతు దగ్గరికి వద్దాం. ఎలిజబెత్ 1890లో, కాన్పు సమయంలో మరణించింది. మోరెల్ 1917లో, లూయిస్ 1943లో వెళ్లిపోయారు. వారికి పిల్లలు లేరు. ఆదాయమంతా క్యాథరిన్ చేతికే వచ్చింది. 1935లో గుండెపోటు వచ్చాక ఆమె ఇరవయ్యేళ్ల పాటు ఎక్కువగా ప్రార్థనలోనే గడిపి, 1955 మార్చి 3న 96 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆ దినంతో ధార ఆగిపోయింది. అసలు సొమ్ము వీలునామా ప్రకారం తండ్రి పేర్కొన్న సంస్థలకు వెళ్లింది. ఆమె సమాజం ఆ వీలునామా నాటికి పుట్టనే లేదు గనుక ఆ జాబితాలో లేదు. నదిని ఆనుకున్న బాలికల బడి 1970లో, బాలుర బడి 1972లో మూతపడ్డాయి. జేవియర్ మాత్రం నిలిచింది.

మేము ఈ కథను ఇక్కడి దాకా తెచ్చింది ఒక్క మాట చెప్పడానికి. ఎంత గొప్ప దాత అయినా ఒక తరానికే ఇవ్వగలడు. మన ఊళ్లలో బడులు కట్టిన మిషనరీలు వెళ్లిపోయారు. విదేశాల నుండి వచ్చే సాయం చాలాచోట్ల తగ్గింది. ఆ తరువాత బడి బతకాలంటే అందులో అక్షరాలు దిద్దినవారే చెయ్యి చాచాలి. ఈసారి అడగడానికి కాదు, ఇవ్వడానికి. అందుకే ఆ వేదిక మీద కూర్చున్న పూర్వ విద్యార్థినిని సన్మానించడం తప్పు కాదని మేము అనుకుంటున్నాం. ఆమె దేవుని ఘనతను లాక్కోవడం లేదు. ఒకరి దయతో చదువుకున్న బాలిక, ఇప్పుడు మరో బాలికకు ఆ దయను అందిస్తోంది. ఆమె భర్తను కూడా మరువకండి. తాను చదవని బడికి, తన బిడ్డలు కాని బిడ్డలకు ఆయన మనసారా సమ్మతించాడు.

చప్పట్లు కొట్టండి. తరువాత ఇంటికి వెళ్లి భార్యాభర్తలు కలిసి కూర్చుని, మీకు చదువు చెప్పిన బడి పేరు తలచుకుని ప్రార్థించండి. ఆ బడిలో ఈ ఏడాది ఫీజు కట్టలేని అమ్మాయి ఎవరో కనుక్కోండి. ఆమె చదువుకు ఏమి కావాలో అడిగి, చేతనైనంత పంపండి. శాలువా సంగతి దేవునికి వదిలేయండి.